పసిబిడ్డకు చెమటకాయలు: ఎక్కడ లేచాయో చూస్తే కారణం తెలుస్తుంది

మా కావలి వైపు రోహిణి కార్తెలో పడమటి గాలి కొట్టినంతసేపు ఒళ్ళు మాడిపోతుంది గానీ చెమట నిలవదు. సాయంత్రం సముద్రం గాలి తిరిగాక ఎండ వేడి తగ్గుతుంది, ఉక్క మొదలవుతుంది. గాలిలో తేమ పెరిగి చెమట ఆరదు. పిల్లలకు ఒళ్ళంతా పేలేది ఎక్కువగా ఆ ఉక్కలోనే.

పసిపిల్లల్లో చెమట బయటికొచ్చే సన్నని గొట్టాలు ఇంకా పూర్తిగా తయారై ఉండవు, తేలిగ్గా మూసుకుపోతాయి. పైపైన మూసుకుంటే నీటి బొట్టులాంటి పొక్కులు వస్తాయి. వాటికి దురద ఉండదు, తుడిస్తేనే చిట్లిపోతాయి. కొంచెం లోతులో మూసుకుంటే ఎర్రటి చెమటకాయలు లేస్తాయి. బిడ్డను ఏడిపించేవి ఇవే. రెండింటికీ మందు ఒకటే: చెమటకు అడ్డం పడుతున్నది తీసేసి చర్మాన్ని చల్లబరచడం. అడ్డం ఏమిటో కాయలు లేచిన చోటే చెబుతుంది.

మెడ మడతల్లో, చంకల్లో ఎర్రగా ఉంటే

మా పాపకు మూడో నెల. రాత్రంతా ఏడుపు. పొద్దున్నే కిటికీ దగ్గర గడ్డం పైకెత్తి చూస్తే మెడ మడతలో పౌడరు చెమటకు తడిసి, కారిన పాలతో కలిసి, పిండి ముద్దలా గీతగీతలుగా పేరుకుని ఉంది. తడిగుడ్డతో మెల్లగా తీస్తే కింద చర్మం ఎర్రగా, నిండా కాయలు. చల్లగా ఉంటుందని రోజుకు మూడుసార్లు పౌడరు అద్దింది నేనే.

పౌడరు పూర్తిగా మానేయండి. అది మడతల్లో పేరుకుంటుంది, పైగా ఆ దుమ్ము పీలిస్తే పసివాళ్ళ ఊపిరితిత్తులకు మంచిది కాదు. పాలు పట్టిన ప్రతిసారీ గడ్డం కింద తడిగుడ్డతో తుడిచి, పొడి నూలుగుడ్డతో అద్దండి. రుద్దకండి. మడత విప్పి కాసేపు గాలి తగలనివ్వండి.

వీపు మీద, తల వెనుక ఉంటే

బిడ్డ కింద ఏముందో చూడండి. పక్క తడవకుండా వేసే రబ్బరు షీటు మీద పలచటి గుడ్డ ఒక్కటే ఉంటే వీపు ఉడికిపోతుంది. ఉయ్యాల కూడా అంతే. పాత నూలు చీరతో కట్టిన ఉయ్యాలలో గాలి ఆడుతుంది, సిల్కు, పాలిస్టర్ చీరైతే ఆడదు. లోతుగా కడితే బట్ట రెండు వైపులా ముఖం దాకా వచ్చి బిడ్డ మూటలో పెట్టినట్టే ఉంటుంది. ఎండాకాలం పగటిపూట నేల మీద నూలు దుప్పటి పరిచి వెల్లకిలా పడుకోబెట్టడమే మేలు.

ఫ్యాన్ గాలికి జలుబు చేస్తుందని ఆపేస్తుంటారు. ఆపకండి, గాలి ఆడితేనే చెమట ఆరుతుంది. కూలరు సంగతి వేరు. తలుపులన్నీ మూసి నీళ్ళ కూలరు పెడితే గదిలో తేమ ఇంకా పెరుగుతుంది. కిటికీ తీసి ఉంచండి. ఉక్కగా ఉన్న రోజు నీళ్ళు పోయకుండా గాలి మాత్రమే తిప్పండి.

నుదుటి మీద, మాడు మీద, ఛాతీ మీద ఉంటే

నూనె, టోపీ, బట్టలు. ఈ మూడింటిలో ఏదో ఒకటి. ఆముదమో కొబ్బరినూనో పట్టించి టోపీ పెడితే చెమటకు దారే ఉండదు. కాయలు తగ్గేదాకా నూనె, నలుగు రెండూ ఆపండి. శనగపిండితో రుద్దితే పొక్కులు గీరుకుపోతాయి. ఇంట్లో టోపీ అక్కర్లేదు. ఒక్క వదులైన నూలు చొక్కా చాలు.

పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు గానీ, ఒక్క మాట గట్టిగా చెప్పాలి: కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పసిబిడ్డకు రాయకండి. కర్పూరం చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది, ఫిట్స్ తెప్పించగలదు.

నడుం చుట్టూ, తొడల సందుల్లో ఉంటే

బిగుతు ఎలాస్టిక్, మొలతాడు, గంటలకొద్దీ మార్చని డైపరు. పగలు కొన్ని గంటలైనా డైపరు లేకుండా వదిలేయండి. అయితే మడతల్లో మెరిసేంత ఎర్రగా ఉండి, చుట్టూ విడిగా చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే అది చెమటకాయ కాదు, ఫంగస్ కావచ్చు. దానికి డాక్టరు రాసిన మందే వాడాలి.

లేచాక ఏం చేయాలి

గోరువెచ్చని మామూలు నీళ్ళతో స్నానం చేయించి, అద్ది ఆరనివ్వండి. ఉక్క రోజుల్లో రెండుసార్లయినా ఫర్వాలేదు, సబ్బు మాత్రం తక్కువ. దురద ఎక్కువుంటే కాలమిన్ లోషన్ వాడొచ్చు, నెలల పిల్లలకైతే డాక్టరును అడిగాకే. గోళ్ళు కత్తిరించండి. మందుల షాపులో అడిగి తెచ్చిన దురద క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, సొంతంగా రాయొద్దు. చల్లబరిస్తే సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడతాయి.

ఆరు నెలలు నిండని బిడ్డకు నీళ్ళు పట్టకండి, తల్లిపాలే ఎక్కువసార్లు ఇవ్వండి. మామిడిపండు తిన్నందుకే బిడ్డకు వేడి చేసిందని బాలింత నోరు కట్టేయకండి. చెమటకాయలకు ఆమె తిండితో సంబంధం లేదు.

ఎప్పుడు ఆగకూడదు

పొక్కుల్లో చీము పట్టినా, చుట్టూ వాచి వేడిగా ఉన్నా, మూడు నాలుగు రోజులైనా తగ్గకపోయినా డాక్టరుకు చూపించండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా, దాటినా వెంటనే వెళ్ళాలి. ఒళ్ళు కాలిపోతూ బిడ్డ వాడిపోయినా, పాలు తాగకపోయినా, ఆరేడు గంటలుగా ఒంటికి పోయకపోయినా అంతే. గాజు గ్లాసుతో నొక్కినా మాయం కాని ఎరుపు, ఊదా మచ్చలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

తీసుకెళ్ళేటప్పుడు ఒంటికి పౌడరు, లోషన్ ఏదీ రాయకండి, డాక్టరుకు చర్మం కనపడాలి. అప్పటికే ఏదైనా రాసి ఉంటే ఆ ట్యూబు వెంట పట్టుకెళ్ళండి.