క్యారెక్టర్ ఆర్టిస్టు జీవితం రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

హీరో గురించి రాయడం సులువు. మొదటి సినిమా, పెద్ద హిట్టు, వరసగా ఫ్లాపులు, మళ్లీ నిలదొక్కుకోవడం... కథ దానంతటదే నడుస్తుంది. క్యారెక్టర్ ఆర్టిస్టు దగ్గరికొచ్చేసరికి ఆ పద్ధతి పనిచెయ్యదు, ఎందుకంటే సినిమా ఆడినా పోయినా ఆయనకి మర్నాడు ఇంకో సెట్లో కాల్షీట్ ఉంటుంది, అక్కడ వేషం వేరు, విగ్గు వేరు. అందుకేనేమో మన నటుల మీద వచ్చే వ్యాసాలు చాలావరకు పుట్టిన ఊరు, 'వందలాది చిత్రాల్లో నటించి మెప్పించారు' అనే ఒక్క వాక్యం, అవార్డులు, మరణం, ఇంతటితో అయిపోతాయి. నాకిది నిజంగా బాధగా ఉంటుంది. ఆ వందల సినిమాల్లో ఆయన ఏం చేశాడో చెప్పకుండా ఆయన గురించి రాశామని ఎలా అనుకుంటాం?

నా సలహా, ముందు వయసులు లెక్కేయండి. సినిమా వచ్చేనాటికి నటుడి వయసెంత, తెరమీద ఆ మనిషి వయసెంత, పక్కన నటించినవాళ్ల వయసెంత. నటుడు గుమ్మడి వెంకటేశ్వరరావు 1927లో పుట్టారు, ఎన్టీఆర్ 1923లో. 1962లో వచ్చిన మహామంత్రి తిమ్మరుసులో ఎన్టీఆర్ కృష్ణదేవరాయలు, ఆయన 'అప్పాజీ' అని పిలుచుకునే ముసలి మంత్రి గుమ్మడి. అంటే తనకన్నా నాలుగేళ్లు పెద్దవాడికి తండ్రిలాంటివాడిగా కనిపించాలి, అదీ ముప్ఫై అయిదేళ్లకి. అదే ఏడాది గుండమ్మ కథలో ఎన్టీఆర్‌కీ ఏఎన్నార్‌కీ తండ్రిగా వేసిన ఎస్వీ రంగారావు 1918లో పుట్టారు, ఎన్టీఆర్ కన్నా అయిదేళ్లే పెద్ద. ఈ అంకెలు దగ్గర పెట్టుకుని సినిమా చూస్తే మీ కళ్లు వేరే చోటికి వెళ్తాయి: తెల్ల గడ్డం ఎంత పని చేసింది, నడక ఎంత చేసింది, కూర్చున్నచోటి నుంచి లేవడానికి తీసుకున్న టైమ్ ఎంత, మాట మధ్యలో ఊపిరి ఎక్కడ ఆగింది. వీటిని విడదీసి రాయండి. 'పాత్రలో జీవించారు' అనే మాట మాత్రం దయచేసి వాడకండి, అది దేన్నీ చూపించదు.

తర్వాత సినిమాలకి ముందు బతుకు. రంగారావు అగ్నిమాపక శాఖలో పనిచేశారు, కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకు ఉద్యోగి, అల్లు రామలింగయ్యకి హోమియోపతి వైద్యం వచ్చు. చదవడానికి బాగుంటాయి గానీ ఆ ఉద్యోగమే ఆ నటనకి కారణమని ఆధారం లేకుండా ముడిపెట్టొద్దు. నాటకాల సంగతి వేరు, దానికి ఎంత చోటిచ్చినా తక్కువే. ఏ నాటక సమాజంలో ఆడారు, ఏ నాటక పరిషత్తుల్లో పోటీకి వెళ్లారు, పద్యం పాడేవారా, ఆఖరి వరస దాకా వినపడేలా అలవాటైన గొంతుని మైకు ముందు ఎలా తగ్గించుకున్నారు, ఇవన్నీ అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు అసలు పని. నాలుగో అయిదో సీన్లు ఎంచుకోండి, అంతకన్నా వద్దు. ఒక్కో సీనూ ఒకసారి మామూలుగా, ఇంకోసారి సౌండ్ తీసేసి చూడండి. ఎదుటివాళ్లు డైలాగ్ చెప్తున్నప్పుడు మీ నటుడు ఏం చేస్తున్నాడో గమనించండి, క్యారెక్టర్ ఆర్టిస్టు సత్తా నాకు ఎక్కువగా కనిపించేది అక్కడే. హీరో మాట పూర్తయ్యేలోపు మొహంలో వచ్చే మార్పుని మూడు నాలుగు వాక్యాల్లో పట్టుకోగలిగితే సగం వ్యాసం అయిపోయినట్టే.

గొంతు గురించి రాసేముందు అది ఎవరిదో చూసుకోండి. జగ్గయ్య లాంటి నటులు తమ వేషాలు వేస్తూనే ఇతరులకీ డబ్బింగ్ చెప్పారు, శివాజీ గణేశన్ తెలుగులో మాట్లాడింది చాలాసార్లు జగ్గయ్య గొంతుతోనే. యాస కూడా చూడాలి. కృష్ణా జిల్లాలో పుట్టిన కోట 1985లో ప్రతిఘటన సినిమాలో తెలంగాణ యాస మాట్లాడారంటే అది నేర్చుకుని చేసిన పని, దాన్ని అలాగే గుర్తించాలి. డైలాగ్ బాగుంటే రాసినవాళ్ల పేరు చెప్పి తీరాలి. ముత్యాలముగ్గు సినిమాలో కాంట్రాక్టరు మాటలు ముళ్లపూడి వెంకటరమణవి, వాటిని ఎక్కడ నొక్కాలో ఎక్కడ వదిలెయ్యాలో తేల్చుకున్నది ఆ వేషం వేసిన రావు గోపాలరావు. ఆ రెండిటినీ కలిపేస్తే ఇద్దరికీ అన్యాయం.

ఆడవాళ్ల గురించి రాసేటప్పుడు ఇంకో ప్రశ్న కచ్చితంగా వేసుకోండి: ఈమెకి ఏ వేషాలు రాలేదు? సూర్యకాంతం అనగానే అందరూ గయ్యాళి అత్త దగ్గర ఆగిపోతారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకి పేరు మాత్రం ఆవిడ వేసిన పాత్రది, గుండమ్మది. అంత బలం ఉన్న నటికి కూడా అత్త, సవతితల్లి వేషాలే ఎందుకు వచ్చిపడ్డాయో, ఒకే మూసలో ఉంటూ ఒక్కో గయ్యాళినీ వేరుగా ఎలా చూపించారో రెండు మూడు సినిమాలు పక్కపక్కన పెట్టి చెప్పండి. చాడీలు వింటున్నప్పటి మొహానికీ, భయపడ్డప్పటి మొహానికీ తేడా చూస్తే చాలు, రాయడానికి బోలెడంత దొరుకుతుంది.

సినిమాల సంఖ్య దగ్గర జాగ్రత్త. మాయాబజార్ 1957లో తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది, రంగారావు రెండిట్లోనూ ఘటోత్కచుడే. మీ లెక్కలో అది ఒకటా రెండా? ఏదో ఒకటి తేల్చుకుని ఆ సంగతి రాసెయ్యండి. టైటిల్స్‌లో పేరు కనపడకపోయినా సినిమాలో మనిషి ఉండొచ్చు, కాబట్టి టైటిల్స్ చూసి ఆగిపోకుండా సినిమా మొత్తం చూడాలి. తేదీల కోసం విజయచిత్ర, సితార, జ్యోతిచిత్ర లాంటి సినిమా పత్రికల పాత సంచికలు దొరికితే వదలొద్దు.

మనుషుల్ని కలిసే అవకాశం ఉంటే పెద్ద పేర్లకోసం పరిగెత్తకండి, మేకప్ వాళ్లు, అసిస్టెంట్ డైరెక్టర్లు, డబ్బింగ్ థియేటర్లో పనిచేసినవాళ్లు చాలా చెప్తారు. 'ఆయన ఎలాంటివారు?' అని అడిగితే 'దేవుడండీ' అంటారు. డైలాగ్ పేపరు ఎప్పుడు చేతికొచ్చేది, షాట్‌కీ షాట్‌కీ మధ్య ఎక్కడ కూర్చునేవారు, టేక్ బాగా రాకపోతే ఇంకోటి అడిగేవారా, ఇలా అడగండి. డబ్బుల గురించీ తాగుడు గురించీ ఒక్కరే చెప్పిన మాట రాయొద్దు, ఎంత ఆసక్తిగా ఉన్నా సరే.

చివరి సంవత్సరాలు చాలామంది ఒక్క పేరాలో కొట్టేస్తారు. అక్కడ ఆగండి. వేషాలు ఎప్పటినుంచి తగ్గాయి, సీన్లు ఎంత చిన్నవయ్యాయి, ఒంట్లో బాగోకపోయినా చేసిన వేషం ఏదైనా ఉందా? కుటుంబం ఉంటే ఆ పేరాలు వాళ్లకి చదివి వినిపించండి, తప్పున్న తేదీలు, పేర్లు దిద్దుకోండి, నటన మీద మీ అభిప్రాయం మాత్రం మార్చొద్దు. సినిమాల పట్టిక అన్నిటికన్నా కింద పెట్టండి, ఏడాది, పాత్ర పేరు, మీరు స్వయంగా చూసినవాటికి ఒక గుర్తు.