కంప్యూటర్‌ని టీవీకి కలపడానికి ఏ కేబుల్ కొనాలి?

ముందు రెండింటికీ ఉన్న పోర్టులు చూడండి. రెండిట్లోనూ హెచ్‌డీఎంఐ ఉంటే ఇక వెతకక్కర్లేదు. బొమ్మా శబ్దమూ ఒకే తీగలో వెళ్తాయి. 4కే టీవీలో 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు మారే బొమ్మ) కావాలంటే 18 జీబీపీఎస్ (సెకనుకు 18 గిగాబిట్ల డేటా) మోసే ‘ప్రీమియం హై స్పీడ్’ రకం తీసుకోండి. 2, 3 మీటర్లు చాలు. మరీ పొడవైతే బొమ్మ మధ్యమధ్యలో పోతుంది. బంగారు పూతకు ఎక్కువ డబ్బు పోయొద్దు, బొమ్మేమీ మెరుగుపడదు.

పాత కంప్యూటర్‌లో వీజీఏ అనే పాత రకం పోర్టు ఒక్కటే ఉంటే చిక్కే. అది అనలాగ్, హెచ్‌డీఎంఐ డిజిటల్; పైగా వీజీఏ శబ్దం మోయదు. ఉత్త తీగ పనిచేయదు. యూఎస్‌బీ కరెంటు, 3.5 ఎంఎం ఆడియో పిన్ ఉన్న కన్వర్టర్ కావాలి. ‘వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి’ అని అడిగి మరీ కొనండి, తిరగేసి వాడితే రాదు.

కంప్యూటర్‌లో యూఎస్‌బీ-సీ పోర్టే ఉంటే, అందులో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (ఆ పోర్టులోంచే బొమ్మ పంపే సదుపాయం) లేకపోతే మామూలు అడాప్టర్‌తో బొమ్మ రాదు.

బొమ్మ వచ్చి శబ్దం రాలేదా? కేబుల్ మార్చే ముందు విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌గా టీవీని ఎంచుకోండి.