లెక్కల నోటుబుక్కులో మాటలు రాయిస్తే వచ్చే చిక్కులు, వాటికి మందులు

నర్సంపేట వైపు ఒక సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. ఉత్త జవాబు చూస్తే పిల్లవాడు తప్పాడని తెలుస్తుంది కానీ, ఎక్కడ తప్పాడో తెలియదు. ఎట్ల చేశాడో నాలుగు మాటల్లో రాయిస్తే తెలుస్తుంది. అయితే రాయించడం మొదలుపెట్టిన వారంలోనే కొన్ని చిక్కులు వస్తాయి. నాకు ఎదురైనవి ఇవి.

సమస్య: కాగితం ఖాళీగా ఇచ్చేస్తారు

“ఏం రాయాలె సార్?” అని రెండుసార్లు అడిగి, పేరు రాసి ఇచ్చేస్తారు.

కారణం: చాలామందికి విషయం తెలియక కాదు, పుస్తకం భాషలో రాయాలేమోనని టెన్షన్. 2022-23లో సర్కారు బడుల్లో 8వ తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చాక మా క్లాసులో ఇది ఇంకా ఎక్కువైంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. ఆ తెలుగు కూడా వాళ్ల ఇంట్లో మాట్లాడేది కాదు.

పరిష్కారం: ఇంటి మాటల్లోనే రాయమనండి. మొదట్లో సగం వాక్యం మీరే ఇవ్వండి: “ఇక్కడిదాకా సమజైంది…”, “ఇక్కడ ఆగిపోయిన, ఎందుకంటే…”. అక్షర దోషాలు దిద్దకండి. నేను ఒకసారి ఎర్ర పెన్ను తీశాను, మర్నాడు ఎవరూ మూడు మాటలు దాటలేదు.

సమస్య: అందరి దగ్గరా ఒకటే వాక్యం

కారణం మన ప్రశ్నే. “భిన్నం అంటే ఏమిటి?” అని అడిగితే గైడులో ఉన్నదే దిగుతుంది. ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) కోసం చేయించే రాత పనులు చాలా వరకు ఇట్లనే నిండుతాయని మనకు తెలియనిది కాదు.

పరిష్కారం: తప్పు జవాబు ఇచ్చి, అది చేసిన వాడికి చీటీ రాయమనండి. ఆరో తరగతిలో బోర్డు మీద 1/2 + 1/4 = 2/6 అని రాసి, “మీ తమ్ముడు ఇట్ల చేసిండు, వాడికేం చెప్తరు?” అన్నాను. సగం మంది “కరెక్టే సార్, పైవి పైకి, కిందివి కిందికి కలిపిండు” అని రాశారు. వాళ్ల మనసులో ఉన్నది బయటపడింది. ఒకమ్మాయి మాత్రం పొలం లెక్కలోకి దిగింది. ఎకరానికి 40 గుంటలు. “అద్దెకరం అంటే 20 గుంటలు, పావు అంటే 10. మొత్తం 30 కావాలె. 2/6 అంటే 13 గుంటల చిల్లరే. సగానికి ఇంకింత కలిపితే సగం కంటే ఎట్ల తగ్గుతది?” ఆ చీటీనే క్లాసులో చదివించాను. హారాలు సమానం చేయడం గురించి నేను ఆ రోజు విడిగా చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

సమస్య: జవాబు సరైనదే, వివరణలో “సూత్రం ప్రకారం” అని ఉంటుంది

3x + 5 = 20లో “5 అటు పోతే మైనస్ అయితది” అని రాస్తారు. ఎందుకయిందో అడిగితే మౌనం. అటు పోవడం అనే మాట మనం నేర్పిందే.

పరిష్కారం: పేజీ మధ్యలో గీత గీయించండి. ఎడమ పక్క చేసిన పని, కుడి పక్క కారణం. త్రాసును గుర్తు చేస్తే “రెండు పక్కలా 5 తీసేసిన” అని రాస్తారు. కుడి పక్క ఖాళీగా ఉన్న వరుస దగ్గరే పాఠం మళ్లీ చెప్పాలి.

సమస్య: సొంతంగా లెక్క తయారు చేయమంటే వింత అంకెలు

“ఒక బస్తా మిర్చి 3 క్వింటాళ్లు” అని ఒకడు రాశాడు. వాడిది మిర్చి పండించే ఇల్లే. లెక్కల పీరియడ్‌లో అంకెలకు అర్థం ఉండనక్కర్లేదని మనమే అలవాటు చేశాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పంట అమ్మినప్పుడు ఇచ్చే లెక్క చీటీ, తక్‌పట్టీ, చూసి రాయమనండి: తూకం, ధర, హమాలీ ఖర్చు పోను చేతికెంత. కాగితం మాత్రం బడికి తేవద్దనండి, అంకెలు మార్చి రాసుకొస్తే చాలు. ఇంటి డబ్బు సంగతులు క్లాసులో పరచడం మంచిది కాదు.

సమస్య: 45 నోటుబుక్కులు చదివే ఓపిక మనకు లేదు

నిజమే, చదవకండి. పీరియడ్ చివరి ఐదు నిమిషాల్లో అర కాగితం, ఒకటే ప్రశ్న. మార్కులు లేవు. స్టాఫ్ రూంలో మూడు కుప్పలు చేయండి: తెలిసినవాళ్లు, సగం తెలిసినవాళ్లు, దారి తప్పినవాళ్లు. మూడో కుప్పలోంచి ఒక చీటీ, పేరు చెప్పకుండా, మర్నాడు బోర్డు మీద రాసి అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టండి.