ఇంటి తోట పాఠాలు, 5వ భాగం: కాయని చెట్టుకు ఇంకొక సంవత్సరం

కుండీలో పెంచిన అంటు జామను నేలలోకి ఎలా మార్చాలో గత పాఠంలో నేర్చుకున్నాం. ఈ పాఠం, నేలలో స్థిరపడి, నిండుగా ఆకు తొడిగి, ఎత్తుగా పెరిగి కూడా కాపు ఇవ్వని జామచెట్టు గురించినది. మన పెరళ్లలోను, చర్చి ఆవరణల్లోను అటువంటి చెట్టు తరచుగా కనిపిస్తుంది, చూసినవారు దానిని కొట్టించేయమని సలహా ఇస్తుంటారు. ఆ సలహాకు లూకా సువార్త 13వ అధ్యాయంలోని తోటమాలి చెప్పిన జవాబే ఈ పాఠానికి ఆధారం.

ఒక ద్రాక్షతోటలో నాటిన అంజూరపు చెట్టు మూడేళ్లుగా కాయలేదు. నేలను వ్యర్థపరుస్తున్న ఈ చెట్టును నరికివేయమని యజమాని అన్నప్పుడు, ఈ ఒక్క సంవత్సరం కూడా ఉండనివ్వమనీ, తాను దాని చుట్టూ తవ్వి ఎరువు వేస్తాననీ, కాస్తే సరే, లేకపోతే నరికించవచ్చుననీ తోటమాలి మనవి చేశాడు. ఈ ఉపమానం మీద మనం వినే ప్రసంగాలు ఎక్కువగా దేవుని దీర్ఘశాంతం గురించి చెబుతాయి. అది నిజమే కాని, పార పట్టిన వ్యక్తికి ఇందులో మరొకటి కూడా కనిపిస్తుంది. తోటమాలి కేవలం గడువు అడిగి ఊరుకోలేదు. గడువు అడిగిన నోటితోనే తన చేతులకు పని అప్పగించుకున్నాడు. చెట్టు కోసం చేసిన విన్నపం, చెట్టు కింద పడే చెమట ఆయన మాటలో విడివిడిగా లేవు. ఈ పాఠంలో నేర్చుకోవలసినది ఆ పనినే.

తవ్వడానికి ముందు, తప్పు నిజంగా చెట్టుదేనా అని విచారించాలి. మొదట వయసు చూడండి. అంటు మొక్క సాధారణంగా రెండు మూడేళ్లకు కాపుకు వస్తుంది, గింజ నుంచి మొలిచినదానికి నాలుగైదేళ్లు పట్టవచ్చు. నాటిన చెట్ల పండ్లను మూడేళ్లు తినకూడదనీ, నాలుగో ఏటి పండ్లు దేవునికి ప్రతిష్ఠితమనీ, ఐదో ఏట తినవచ్చుననీ లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. చెట్టు ఎదుగుదలను గమనించిన వ్యవసాయదారుల మధ్య పుట్టిన ధర్మమని దానిని చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది. తరువాత ఎండ చూడండి. జామకు రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. ఆ తరువాత నీరు చూడండి. స్నానాల గది నీరో, గిన్నెలు కడిగిన నీరో ఏడాది పొడవునా పాదులోకి పారుతుంటే, చెట్టు ఆకును పెంచుకుంటూ పోతుందే తప్ప పూతకు రాదు. యూరియా వంటి నత్రజని ఎరువు అతిగా వేసినా జరిగేది ఇదే.

ఈ విచారణ లేకుండా నేను ఒకసారి పెరట్లోని జామను కొట్టించాను. మొద్దు మిగిలిన తరువాత మధ్యాహ్నం అక్కడ నిలబడి చూస్తే, పక్కనున్న వేపచెట్టు నీడ ఆ చోటిని వదలడమే లేదు. వేప కొమ్మలు రెండు తీయించి ఉంటే సరిపోయేది. ఆ మొద్దును చూసిన ప్రతిసారీ నా తొందరపాటుకు బాధ కలిగేది. అందుకే ఈ పాఠంలో విచారణను పార కంటే ముందు పెట్టాను.

ఇక తవ్వకం. చాలామంది మాను మొదట్లోనే తవ్వి, అక్కడే ఎరువు కుప్ప పోస్తారు. మొదట్లో ఉన్నవి చెట్టును నిలబెట్టే లావు వేళ్లు. నీటిని, పోషకాలను పీల్చే సన్నని పిల్లవేళ్లు కొమ్మల నీడ అంచు చుట్టూ, నేల పైపొరలోనే ఎక్కువగా ఉంటాయి. మిట్టమధ్యాహ్నం కొమ్మల నీడ ఎంతవరకు పడుతుందో చూసి, మానుకు తాడు కట్టి, ఆ కొలతతో ఒక గుండ్రని గీత గీయండి. ఆ గీత వెంబడి అడుగు వెడల్పున, బెత్తెడు నుంచి అర అడుగు లోతు వరకు మట్టిని గుల్ల చేయండి. జామ వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి గునపం వద్దు, బొరిగె చాలు. బొటనవేలంత లావు వేరు తగిలితే దానిని కోయకుండా పక్కనుంచి తవ్వండి. మాను చుట్టూ రెండడుగుల మేర నేలను కదిలించకండి. ఈ పని వంగి, మోకాళ్ల మీద కూర్చుని చేయవలసినది. ప్రార్థన భంగిమ, పాదు తవ్వే భంగిమ ఒకటే కావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఎరువు విషయంలో ఒక్కటే హెచ్చరిక. పచ్చిపేడ వేయవద్దు. అది నేలలో చివికేటప్పుడు వేడి పుట్టి పిల్లవేళ్లను దెబ్బతీస్తుంది, చెదలను కూడా పిలుస్తుంది. బాగా మాగిన ఎరువుకు పేడ వాసన ఉండదు, పిడికిట నొక్కి వదిలితే పొడిపొడిగా రాలుతుంది. పెరిగిన చెట్టుకు అటువంటి పశువుల ఎరువు 20 నుంచి 25 కిలోలు, వేపపిండి ఒక కిలో తవ్విన గాడిలో మట్టితో కలిపి నింపండి. పైన ఎండుటాకులు పరవండి, కాని అవి మానుకు తగలకూడదు.

ఈ పనికి తగిన కాలం కూడా ఉంది. జామ కొత్తగా వచ్చిన చిగురు మీదే పూస్తుంది. నేలలోని పెద్ద చెట్టుకు మార్చి చివరి నుంచి మే నడిమి వరకు నీరు ఆపితే కొంత ఆకు రాల్చి విశ్రాంతి తీసుకుంటుంది. ఆ తరువాత తవ్వి, ఎరువు వేసి, నిండుగా తడి ఇస్తే కొత్త చిగురుతోపాటు జూన్, జూలైలలో పూత వస్తుంది. ఇసుక నేలల్లో చెట్టు మరీ వాడిపోతుంటే మధ్యలో ఒక పలుచని తడి ఇవ్వాలి. కుండీ మొక్కలకు ఈ పద్ధతి పనికిరాదు. ఈ పూత కాయలు చలికాలంలో, అంటే సుమారుగా క్రిస్మస్ రోజుల్లో పక్వానికి వస్తాయి. వానాకాలపు కాయల కంటే ఇవి తియ్యగా ఉంటాయి, పండు ఈగ బెడద కూడా తక్కువ. మొదటి పళ్లు కోత పండుగకు తీసుకువెళ్లే సంఘాలు మనకు ఉన్నాయి. వాటితోపాటు ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలోని మాటను కూడా పాటించమని మనవి చేస్తున్నాను. చెట్టును ఒకసారి దులిపిన తరువాత మిగిలినవి పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి చెందుతాయి. గోడ దాటి వీధిలోకి వంగిన కొమ్మను బడికి వెళ్లే పిల్లలకు వదిలేయండి.

వాక్యాన్ని, తోటపనిని కలిపి చేసినవారు మనకు ముందూ ఉన్నారు. తెలుగు కొత్త నిబంధనను 1818లో బెంగాల్‌లోని సేరంపూర్ నుంచి అచ్చు వేయించిన మిషనరీ విలియం కేరీ, ఆ ఊళ్లో పెద్ద తోటను కూడా పెంచారు, వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని 1820లో స్థాపించారు. మన సామర్లకోటలో తోట పెంచి మొక్కలను పరిశీలించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ రచనకు సంపాదకత్వం వహించినది కూడా కేరీయే. 1823 నాటి వరద ఆయన తోటను పాడుచేసినా, ఆయన తోటపని మానలేదు.

తోటమాలి మాటలోని చివరి భాగాన్ని కూడా దాటవేయకూడదు. లేకపోతే నరికించవచ్చునని ఆయనే ఒప్పుకున్నాడు. ఆకులు పసుపుబారి, కొమ్మ తరువాత కొమ్మ ఎండుకుంటూ వస్తే అది ఎండు తెగులు కావచ్చు. పూర్తిగా ఎండిన చెట్టును జాలితో ఉంచితే తెగులు నేల ద్వారా పక్క చెట్లకు పాకుతుంది. దానిని వేళ్లతో సహా తీసి కాల్చివేయాలి, ఆ గుంటలో మళ్లీ జామ నాటకూడదు.

ఈ నెల అభ్యాసం: ఒక నోటు పుస్తకంలో మీ చెట్టు వయసు, అంటో గింజదో, ఎండ పడే గంటలు, పాదులోకి చేరే నీరు ఎక్కడిదో రాయండి. గీత గీసి కొలత వేసుకోండి. అదే పుటలో, సంఘానికి రావడం మానేసిన ఒకరి పేరు రాసి, ఆ వ్యక్తి కోసం ఈ సంవత్సరం మీరు చేయబోయే ఒక పనిని ఎదురుగా రాయండి. ప్రార్థిస్తాను అని మాత్రమే రాసి ఆపకండి. వారి ఇంటికి వెళ్లే తారీఖు కూడా వేయండి.

వచ్చే పాఠం కొమ్మల కత్తిరింపు గురించి. యోహాను సువార్త 15వ అధ్యాయం చదివి, కత్తెరకు పదును పెట్టించి ఉంచుకోండి.