ఒకే సరుకుకు రెండు టీ1లు పడకుండా చూసుకోవడం ఎలా

రోటర్‌డామ్‌లో దిగిన గుంటూరు మిరప కంటైనరు అక్కడ సుంకం కట్టకుండా ఆస్ట్రియాలోని గిడ్డంగికి చేరాలన్నా, హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు విమానంలో వెళ్లిన మందులు లారీలో స్విట్జర్లాండ్‌కు సాగాలన్నా టీ1 అనే ట్రాన్సిట్ డిక్లరేషన్ వేయాలి. దీన్ని ఎన్‌సీటీఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో దాఖలు చేస్తారు. యూరోపియన్ యూనియన్ దేశాలతో పాటు, 1987 నాటి ఉమ్మడి ట్రాన్సిట్ ఒప్పందంలో ఉన్న స్విట్జర్లాండ్, నార్వే, తుర్కియే, బ్రిటన్ వంటి దేశాలు కూడా దీన్నే వాడుతున్నాయి.

ప్రతి డిక్లరేషనూ చెల్లించాల్సి రాగల సుంకం, పన్నుల మేరకు గ్యారంటీలో (సుంకాలకు హామీగా కస్టమ్స్ వద్ద ఉంచే మొత్తంలో) కొంత భాగాన్ని పట్టి ఉంచుతుంది. లక్ష యూరోల పరిమితి ఉన్న సంస్థ, 18 వేల యూరోల బాధ్యత ఉన్న సరుకుకు పొరపాటున రెండు డిక్లరేషన్లు వేస్తే 36 వేలు బిగుసుకుపోయి, మరునాటి లారీకి గ్యారంటీ చాలక డిక్లరేషన్ తిరస్కారానికి గురికావచ్చు. అంతకంటే పెద్ద చిక్కు తర్వాత వస్తుంది. రెండో డిక్లరేషన్ కింద సరుకే లేదు కాబట్టి గమ్యస్థానంలో అది ముగిసే అవకాశం లేదు. గడువు దాటాక కస్టమ్స్ వాకబు మొదలుపెట్టి, గ్యారంటీ ఎవరిదో వారిని 28 రోజుల్లో వివరం ఇమ్మని అడుగుతుంది. సరైన రుజువు చూపలేకపోతే కదలని సరుకుకు సుంకం కట్టాల్సిన పరిస్థితి ఏర్పడుతుంది.

చాలామంది ఇలాంటి పొరపాటును కంప్యూటరే పట్టుకుంటుందని అనుకుంటారు, కానీ అది పట్టుకునేది ఎల్ఆర్ఎన్‌ను మాత్రమే. ఎల్ఆర్ఎన్ అంటే డిక్లరేషన్ వేసేవారు తామే ఇచ్చుకునే నంబరు. గరిష్ఠంగా 22 అక్షరాలు ఉండవచ్చు. అదే నంబరు మళ్లీ వస్తే వ్యవస్థ తిప్పి పంపుతుంది. నంబరు మారితే మాత్రం, కంటైనరు, సీలు, బరువు అన్నీ ఒకటే అయినా కొత్త డిక్లరేషన్‌గా తీసుకుని ఇంకో ఎంఆర్ఎన్ (డిక్లరేషన్‌కు కస్టమ్స్ ఇచ్చే నమోదు నంబరు) ఇచ్చేయగలదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు తేదీ, గంట, నిమిషం కలిపి ఎల్ఆర్ఎన్‌ను తామే తయారుచేస్తాయి. చూడటానికి సౌకర్యంగా ఉంటుంది కానీ, బటన్ నొక్కిన ప్రతిసారీ కొత్త నంబరు పుట్టడం వల్ల ఉన్న ఒక్క రక్షణా పోతుంది. నా దృష్టిలో డూప్లికేట్లకు మూలం ఎక్కువగా ఇక్కడే ఉంది. కాబట్టి ఎల్ఆర్ఎన్‌ను జాబ్ నంబరు (ఆ సరుకు పనికి మీ సంస్థ ఇచ్చుకున్న నంబరు) నుంచే తీసుకుని, చివర 01 చేర్చండి. కస్టమ్స్ నుంచి తిరస్కారం వచ్చి, అది ఫైలులో నమోదయ్యాక మాత్రమే 02కు వెళ్లండి. అప్పుడు ఎవరైనా తెలియక రెండోసారి పంపినా అదే 01 వెళ్లి వెనక్కి వస్తుంది.

పంపిన తర్వాత జవాబు రాని సమయం అత్యంత ప్రమాదకరమైనది. ఐఈ015 అనే డిక్లరేషన్ సందేశం వెళ్లాక తెర మీద ‘టైమ్ అవుట్’ కనిపించినంత మాత్రాన అది చేరలేదని అర్థం కాదు. మన వైపు కనెక్షన్ తెగినా, అటువైపు సందేశం అంది ఉండవచ్చు. మళ్లీ పంపే ముందు వచ్చిన సందేశాల పెట్టెలో అదే ఎల్ఆర్ఎన్‌తో వెతకండి. ఎంఆర్ఎన్ కేటాయింపు తెలిపే ఐఈ028 గానీ, తిరస్కారం తెలిపే ఐఈ056 గానీ లేకపోతే సాఫ్ట్‌వేర్ సంస్థనో కస్టమ్స్ సహాయ కేంద్రాన్నో అడిగి తెలుసుకోండి. సరుకు రాకముందే వేసే ముందస్తు డిక్లరేషన్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. సరుకును కస్టమ్స్‌కు చూపించాకే వాటికి ఆమోదం, ఎంఆర్ఎన్ వస్తాయి. రాత్రి షిఫ్టు వారు ఎంఆర్ఎన్ గడి ఖాళీగా ఉండటం చూసి ఇంకా వేయలేదనుకుని కొత్తది వేసేస్తారు. అందుకే రిజిస్టరులో ఎంఆర్ఎన్ గడి పక్కనే ‘పంపిన ఎల్ఆర్ఎన్, పంపిన సమయం, పంపినవారు’ అనే గడులు ఉండాలి. 30 రోజుల్లోగా సరుకు చూపించకపోతే ఆ ముందస్తు డిక్లరేషన్ వేయనట్టే లెక్క కాబట్టి, ఆ తేదీని కూడా అక్కడే రాసుకోవాలి.

ఫార్వర్డరు (సరుకు రవాణా ఏర్పాట్లు చూసే సంస్థ), లారీ సంస్థ ఎవరికి వారు వేసే డూప్లికేట్లు సాఫ్ట్‌వేర్‌తో ఆగవు. బుకింగ్ మెయిల్‌లోనే టీ1 ఎవరు వేస్తారో, ఎవరి గ్యారంటీ మీద వేస్తారో ఒక వాక్యంలో రాయించండి. టెర్మినల్‌కు తెలియజేసిన ఎంఆర్ఎన్, డ్రైవరు చేతిలోని ట్రాన్సిట్ పత్రంపై ఉన్న 18 అక్షరాల ఎంఆర్ఎన్ ఒకటేనా అని గేటు దాటకముందే సరిచూడాలి.

అలాగని రెండు కనిపించిన ప్రతిచోటా తప్పు ఉందనుకోకూడదు. ఒకే ఎయిర్ వేబిల్ (విమాన రవాణా పత్రం) కింద 40 పెట్టెలు బయలుదేరి, 25 ఒక విమానంలో, 15 మరో విమానంలో దిగితే రెండు టీ1లు న్యాయమే. కాబట్టి పోల్చేటప్పుడు బిల్లు నంబరుతో ఆగకుండా పెట్టెల సంఖ్య, బరువు కూడా కూడి చూడాలి. మొత్తం బిల్లును మించితేనే డూప్లికేట్. పలువురి సరుకు కలిపిన కంటైనరుకు ఒకే డిక్లరేషన్‌లో 99 హౌస్ కన్‌సైన్‌మెంట్ల (ఒక్కొక్కరి విడి సరుకుల) వరకు చూపించవచ్చు. అలా చూపించాక అందులో ఒకదానికి విడిగా టీ1 వేయకూడదు.

ఇంత చేసినా రెండోది పడితే, సరుకు విడుదల కాకముందే రద్దు కోరే ఐఈ014 సందేశం పంపండి. యూనియన్ కస్టమ్స్ కోడ్ 174వ అధికరణం ప్రకారం, తనిఖీ చేయబోతున్నామని కస్టమ్స్ చెప్పాక ఆ తనిఖీ అయ్యేదాకా రద్దు దరఖాస్తును స్వీకరించరు. విడుదలయ్యాక సాధారణంగా రద్దు ఉండదు. అంతా అయిపోయాక తెలిస్తే వాకబు లేఖ కోసం ఎదురుచూడకుండా సరుకు బయలుదేరిన చోటి కస్టమ్స్ కార్యాలయానికి మీరే రాయండి. మొదటి ఎంఆర్ఎన్ ముగిసిన రుజువు, గ్రహీత సంతకం ఉన్న సీఎంఆర్ (లారీ రవాణా పత్రం), రెండు డిక్లరేషన్లలోనూ కంటైనరు, సీలు నంబర్లు ఒకటేనని చూపే పట్టిక జతచేయండి. రెండో దానిపై కూడా ‘సరుకు చేరింది’ అని గమ్యస్థానంలో నమోదు చేయిస్తే పోతుందని సలహా ఇచ్చేవారు ఉంటారు. అది లేని సరుకు ఉందని కస్టమ్స్‌కు చెప్పడమే అవుతుంది కనుక ఆ దారి తొక్కవద్దు.