గొయ్యి తవ్వకుండా కంపోస్టు, మన డెల్టా పద్ధతిలో

కంపోస్టు అనగానే ముందు గొయ్యి తవ్వమంటారండి అందరూ, మెట్టలో అయితే పర్లేదు గానీ మన కోనసీమలో వానాకాలం రెండడుగులు తవ్వితే చాలు నీరు ఊరిపోద్ది. నేనూ అలాగే తవ్వాను, ఆషాఢంలో వేసిందంతా శ్రావణానికల్లా కుళ్ళి కంపు కొట్టి పక్కింటోళ్ళ చేత చీవాట్లు తిన్నాను. నీళ్ళు నిండితే గాలి ఆడదు, గాలి ఆడకపోతే వచ్చేది ఎరువు కాదు, మురుగు.

అందుకే నేలమీదే కుప్ప పెట్టండి, కాస్త మెరక చూసుకుని. అడుగున కొబ్బరి డొక్కలు ఒక వరస పరిస్తే నీరు దిగిపోద్ది, కిందనుంచి గాలి వస్తది. దానిమీద వంటింటి చెత్త ఒక బకెట్ వేస్తే ఎండాకులో ఎండుగడ్డి ముక్కలో రెండు బకెట్లు వెయ్యాలి. లెక్క ప్రకారం కుప్ప మొత్తంలో నత్రజని (వంటింటి చెత్తలో ఎక్కువ) 1 పాలు ఉంటే కార్బన్ (ఎండు చెత్తలో ఎక్కువ) 25 నుంచి 30 పాలు ఉండాలంటారు, బకెట్ల లెక్క దానికి సుమారుగా సరిపోద్ది. ఇక్కడ చాలామంది పొరపాటు పడేది అరటి బోదె దగ్గర, నార కదా అని పొడి చెత్తలో లెక్కేస్తారు, అది నూటికి తొంభై పాళ్ళు నీళ్ళేనండి, సన్నగా తరిగి రెండ్రోజులు ఎండలో పడేసి అప్పుడు వెయ్యండి. కొబ్బరి పొట్టు కూడా అంతే, నీళ్ళు బాగా పట్టేస్తది, ఓ పట్టాన కుళ్ళదు, పైన పలచగా చల్లుకోడానికే వాడండి.

తోడు పెట్టినట్టు కాస్త పేడనీళ్ళు చల్లితే చాలు. పుల్లమజ్జిగ కూడా పోస్తారు, పొయ్యకపోయినా అవుద్ది.

చేప పొలుసులు, రొయ్య తలకాయలు వెయ్యొచ్చు గానీ కుప్ప మధ్యలో పాతేసి పైన జానెడు మందం ఎండాకులు కప్పాలి, లేకపోతే వీధిలో పిల్లులన్నీ మీ దొడ్లోనే ఉంటాయి. (పులస తలకాయ పారేసే వాళ్ళెవరుంటారు లెండి.)

కుప్ప మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉంటే నాలుగైదు రోజుల్లో లోపల కాకెక్కుద్ది, ఇనప చువ్వ గుచ్చి కాసేపుంచి తీసి పట్టుకుంటే తెలిసిపోద్ది. చిన్న బకెట్లో వేస్తే అంత వేడి రాదు, ఆలస్యంగా అవుద్ది అంతే. పదిరోజులకోసారి పారతో తిరగెయ్యండి, వాన పడితే బరకం కప్పండి, పక్కలు మాత్రం వదిలెయ్యండి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, కారిపోతుంటే ఎండాకులు కలపండి. బూడిదరంగు లావుపాటి పురుగులు కనపడితే మందు కొట్టకండి, అవి చెత్త తినేవే, తడెక్కువైందని అర్థం.

మూడునెలలకి కుప్ప సగానికి దిగి నల్లగా అయ్యి తొలకరి మట్టి వాసన వస్తది. జల్లించి, మిగిలిన తుక్కు కొత్త కుప్పలో వేసెయ్యండి. కుండీకి రెండు పాళ్ళ మట్టికి ఒక పాలు చాలు, కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్క నేలలో నాటితే గోతిలో రెండు దోసిళ్ళు, మొదలుకి మాత్రం ఆనించకండి.