సుకన్య ఖాతా నుంచి చదువుకు తీసిన డబ్బు: రిటర్న్‌లో ఎక్కడ చూపాలి?

2015 జనవరిలో ఆడపిల్లల పేరిట పొదుపు చేసే సుకన్య సమృద్ధి పథకం వచ్చిన కొత్తలో బెంగళూరు మారతహళ్లి, కె.ఆర్.పురం ప్రాంతాల తెలుగువారు పోస్టాఫీసుల్లో ఖాతాలు తెరిచిన ఆడపిల్లలు ఇప్పుడు పీయూసీకో (ఇంటర్‌కో) ఇంజినీరింగుకో వస్తున్నారు. ఫీజు కోసం ఆ ఖాతా నుంచి తీసిన సొమ్ముపై పన్ను లేదు కాబట్టి ఆదాయపు పన్ను రిటర్న్‌లో దాని ఊసే అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. పన్ను లేకపోవడం వేరు, చూపకపోవడం వేరు.

ముందుగా, తీసిన మొత్తం నిబంధనలకు లోబడి ఉండాలి. అమ్మాయి పదో తరగతి పాసవడం, 18 ఏళ్లు నిండడం, ఈ రెండింటిలో ఏది ముందైతే అప్పటి నుంచి, గత ఆర్థిక సంవత్సరం చివరినాటి నిల్వలో సగం వరకు తీసుకోవచ్చు. అయితే అది ప్రవేశ సమయంలో కళాశాల అడిగిన ఫీజును మించకూడదు. మార్చి 31న నిల్వ 12 లక్షలుండి, ఫీజు చీటీలో 2,40,000 ఉంటే, చేతికొచ్చేది 2,40,000 మాత్రమే, 6 లక్షలు కాదు. విడతలుగా కావాలంటే ఏడాదికి ఒకసారి చొప్పున 5 ఏళ్ల వరకు తీసుకోవచ్చు.

ఇక రిటర్న్ సంగతి. 2025-26 ఆర్థిక సంవత్సరానికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమే వర్తిస్తుంది. అందులో 10(11ఎ) సెక్షన్ ఈ చెల్లింపును పన్ను నుంచి మినహాయించింది. అమ్మాయి ఇంకా మైనరైతే తల్లి లేదా తండ్రి తమ రిటర్న్ ఫారం ఐటీఆర్-1లోని మినహాయింపు ఆదాయం గడిలో ఈ మొత్తాన్ని నమోదు చేయడం మంచిది. జాబితాలో ఆ సెక్షన్ కనిపించకపోతే 'ఇతరములు' ఎంచుకొని, సెక్షన్ సంఖ్యను వివరణలో రాయాలి. ఐటీఆర్-2 ఫారం వేసేవారికి ఇందుకు షెడ్యూల్ ఈఐ అనే మినహాయింపు ఆదాయాల పట్టిక ఉంది. పొరపాటున 'ఇతర ఆదాయం' కింద వేస్తే మాత్రం లేని పన్ను నెత్తిన పడుతుంది. అమ్మాయికి 18 నిండితే ఆ డబ్బు ఆమెది. తల్లిదండ్రుల రిటర్న్‌లో చేర్చనక్కర్లేదు.

పాత పన్ను పద్ధతిలో 80సీ సెక్షన్ కింద, ఈ ఖాతాలో వేసిన డబ్బుకు ఏటా పొందిన పన్ను తగ్గింపులను ఈ ఉపసంహరణ వల్ల తిరిగి కట్టాల్సిన పని లేదు. ఫీజు చీటీ, ప్రవేశ పత్రం, పాస్‌బుక్ పేజీ ప్రతులను మాత్రం భద్రపరచాలి.

పిల్లల చదువు పేరిట ఈక్విటీ (షేర్లలో మదుపు చేసే) మ్యూచువల్ ఫండ్‌లో పొదుపు చేసినవారికి ఈ వెసులుబాటు లేదు, పేరు ఏదైనా సరే. ఏడాది దాటాక అమ్మితే వచ్చిన దీర్ఘకాలిక లాభంలో 1.25 లక్షలు దాటిన భాగంపై 12.5 శాతం పన్ను కట్టాలి. లాభం ఆ హద్దు దాటితే ఐటీఆర్-1 చెల్లదు, ఐటీఆర్-2 వేయాలి. పిల్లలు మైనర్లయితే ఆ లాభం తల్లిదండ్రులలో ఆదాయం ఎక్కువున్నవారి ఆదాయంలో కలుస్తుంది.